గుడారాల గుత్త



రక్షణశాఖలో అవినీతి అనగానే నా వయసువారికి బోఫోర్సు ఫిరంగులు గుర్తుకు వస్తాయి. నాకంటె పెద్దవారికి 1948 నాటి జీపుల కొనుగోలు, పిన్నలకు అగస్టా హెలికాప్టర్లు. ఇవన్నీ మనం పత్రికలలో చదివి, కాఫీ హోటళ్ళలో వాదించుకొని అరగదీసిన సంగతులే. వాటికి ఈ టపా చివర కొద్దిగా మాత్రమే చోటు ఇస్తాను. చెప్పదలచుకున్నది అంతకంటె చాలా పాత కథ, గుడారాల కథ. అందులో ఒక ముఖ్యఘట్టం మన బందరులోను, మరొకటి సికింద్రాబాదులోను జరిగినవి. అయినా మన పాఠ్యపుస్తకాలు దానిని పట్టించుకోలేదు.

1806లో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారని బడిపిల్లలందరూ చదువుకుంటారు. తలపాగా మార్చమన్నారని, నుదుటి బొట్టు తుడుచుకోమన్నారని వారికి కోపం. సరిగ్గా మూడేళ్ళకు, 1809లో, అదే మద్రాసు సైన్యంలో ఆంగ్ల అధికారులే తమ ప్రభుత్వంపై తిరగబడ్డారు. కోట తలుపులు మూసుకున్నారు. పై అధికారిని నిర్బంధించారు. మతం కోసమూ కాదు, దేశం కోసమూ కాదు. కారణాలు అనేకం చెప్పవచ్చును గాని, మొదటి నిప్పురవ్వ రాలినది గుడారాల లెక్కల దగ్గర.

ఆ రోజులలో ఒక పటాలం కదలాలంటే గుడారాలు కావాలి. వాటిని మోయడానికి ఎద్దులు, ఎద్దులను తోలేవారు, గుడారాలు వేసి పీకే లస్కర్లు కావాలి. 1802లో మద్రాసు ప్రభుత్వం ఈ బాధ్యతనంతా ప్రతి దేశీయ పటాలపు నాయకునికీ గుత్తకు అప్పగించినది. నెలకు ఇంత అని ఒక మొత్తం అతనికి ముడుతుంది. పటాలం కంటోన్మెంటులో కూర్చున్నా అంతే, యుద్ధానికి నడిచినా అంతే. ఆ సొమ్ముతో సామగ్రిని ఎప్పుడూ సిద్ధంగా ఉంచవలసిన పూచీ అతనిది. ఖర్చు పోగా మిగిలినదీ అతనిదే. సర్కారుకు లెక్కల పీడ తప్పినది, నాయకునికి నాలుగు డబ్బులు కలిసి వచ్చినవి. పైకి చూస్తే ముచ్చటైన ఏర్పాటే.

కాని ఆ నాయకుని ఆసనంలో ఒక్క నిమిషం కూర్చుని ఆలోచించండి. పటాలం కదలకుండా ఉన్నన్నాళ్ళూ గుడారం చిరగదు, ఎద్దు అలసిపోదు. నెల సొమ్ము మాత్రం వస్తూనే ఉంటుంది. పది ఎద్దులు ఉండవలసిన చోట ఆరు ఉంటే తక్కిన నాలుగింటి మేత మిగులు. ప్రయాణానికి ఆజ్ఞ వచ్చిందా, ఆ మిగులంతా ఆవిరి. ఎద్దులు దారిలో చస్తాయి, గుడారాలు వానకు కుళ్ళుతాయి, కొత్తవి కొనాలి. అంటే యుద్ధానికి అందరికంటె ముందు సన్నద్ధుడై ఉండవలసినవాడు ఎవరో, యుద్ధం వస్తే అందరికంటె ముందు నష్టపోయేవాడూ అతడే. మంచివాడైతే లోలోపల నలిగిపోతాడు, చెడ్డవాడైతే లోలోపల లెక్క వేసుకుంటాడు.

ఇది సైన్యానికే ప్రత్యేకం కాదు. నేను కొంతకాలం పనిచేసిన ఒక ఊరిలో విద్యార్థుల వసతిగృహం ఉండేది. పట్టీలో ఎన్ని పేర్లుంటే అన్ని భోజనాలకు డబ్బు వచ్చేది. పండుగకు ఇంటికి వెళ్ళిన పిల్లవాడు పదిరోజులు ఆలస్యంగా వచ్చినా ఎవరూ కబురు పంపేవారు కారు. పేరు పట్టీలో ఉంటే చాలును, పిల్లవాడు పంక్తిలో ఉండనక్కరలేదు. అక్కడి వార్డెను దుర్మార్గుడని నేను అనను. పిల్లలకు జ్వరం వస్తే రాత్రంతా మేలుకొని కూర్చున్నవాడు. కాని పిల్లవాడు బడికి దూరమైన ప్రతిరోజూ కొంత లాభం తెచ్చిపెట్టే ఏర్పాటులో ఆయనను కూర్చోబెట్టినవారు ఎవరు? అడగవలసిన ప్రశ్న అది.

మద్రాసులో ఆ ప్రశ్న అడిగినవాడు జాన్ మన్రో. మన్రో అనగానే మన రాయలసీమవారికి దత్తమండలాల కలెక్టరు థామస్ మన్రో తలపునకు వస్తాడు. ఇతడు వేరు. ఇతడు సైన్యంలో క్వార్టర్‌మాస్టర్ జనరల్, అంటే దండుకు కావలసిన సామగ్రిని చూసే పెద్ద అధికారి. సర్వసేనాని సర్ జాన్ క్రాడక్ కోరిక మేరకు 1807లో గుడారాల గుత్తను పరిశీలించి నివేదిక ఇచ్చాడు. దాని సారాంశం ఇది: యుద్ధంలో ఖర్చు తప్పనిసరిగా ఎక్కువ, శాంతిలో తక్కువ. రెండింటికీ ఒకే మొత్తం ఇవ్వడం వల్ల పటాలపు నాయకుని స్వలాభమూ అతని కర్తవ్యమూ ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తున్నవి. ఫలానావాడు దొంగ అని మన్రో ఎక్కడా వ్రాయలేదు. తప్పు ఏర్పాటులో ఉన్నదన్నాడు, అంతే. క్రాడకు, గవర్నరు విలియం బెంటింకు దానిని ఆమోదించారు. కాని వేలూరు ఘటన కారణంగా వారిద్దరినీ 1807లోనే వెనుకకు పిలిపించారు. తరువాత వచ్చిన గవర్నరు సర్ జార్జి బార్లో 1808లో గుత్తను రద్దు చేశాడు.

అధికారులు భగ్గుమన్నారు. న్యాయంగా చెప్పాలంటే వారి బాధలన్నీ బూటకం కావు. బెంగాలు సైన్యంలో తమ సాటివారికి భత్యం ఎక్కువ. పదోన్నతులు నత్తనడక. రాజుగారి పటాలాల అధికారులకు పెద్ద పదవులు, కుంఫిణీవారికి మిగిలినవి. కంటోన్మెంటు బజారులో అమ్మే సరుకుల మీద, ముఖ్యంగా సారాయి మీద, సుంకం వసూలు చేసి అక్కడి సైనికాధికారికి భాగం ఇచ్చే పద్ధతి ఒకటి ఉండేది. దానినీ కొద్దికాలం క్రితమే తీసివేశారు. సిపాయి ఎంత తాగితే అతని దొరకు అంత రాబడి అన్న పద్ధతి పోవలసినదే. కాని పోయినదానికి బదులుగా జీతం పెంచాలన్న ఆలోచన పాలకులకు రాలేదు. పొదుపు అన్న ఒక్కమాటే వారికి తెలుసు.

అయితే అధికారులు పట్టుకున్నది డబ్బుమాట కాదు, మానం మాట. స్వలాభానికీ కర్తవ్యానికీ వైరుధ్యం ఉన్నదని మన్రో వ్రాస్తే, అది మమ్మల్ని దొంగలనడమే, మా గౌరవాన్ని మంటగలపడమే అన్నారు. అతనిని సైనిక న్యాయస్థానంలో విచారించాలని పటాలాల నాయకులు సంతకాలు చేసి అర్జీ పెట్టారు. కొత్త సర్వసేనాని హే మక్డోవల్ వారిని బుజ్జగించి ఆపవలసినవాడు. కాని గవర్నరు సభలో తనకు స్థానం ఇవ్వలేదని అతనికీ కడుపుమంట ఉన్నది. 1809 జనవరిలో అతడు మన్రోను నిర్బంధించాడు. అడిగిన లెక్క చూసి, ఉన్నమాట వ్రాసినందుకు ఒక అధికారికి దొరికిన బహుమానం అది.

మన్రో ప్రభుత్వానికి మొర పెట్టుకున్నాడు. బార్లో అతనిని విడిపించాడు. మక్డోవల్ స్వదేశానికి ఓడ ఎక్కుతూ ఎక్కుతూ మన్రోను నిందిస్తూ సైన్యమంతటికీ ఒక ఉత్తర్వు వదిలిపెట్టి పోయాడు. ఆ ఓడ తిరిగి ఇంగ్లండు చేరలేదు, సముద్రంలో గల్లంతైనది. ఉత్తర్వు మాత్రం కంటోన్మెంటు నుండి కంటోన్మెంటుకు పాకినది. దానిపై సంతకం చేసిన మేజర్ బోల్స్‌ను ప్రభుత్వం ఉద్యోగం నుండి తప్పించినది. సేనాని చెప్పినట్లు సంతకం చేసిన క్రిందివాడిదా తప్పు, అని మరికొందరు కోపించారు. బార్లో మొండివాడు. ఒక్కొక్క శిక్షకు పదిమంది కొత్త శత్రువులు పుట్టారు.

ఇక మన బందరు. మచిలీపట్నం కోటలో మద్రాసు యూరోపియను రెజిమెంటు ఉండేది. మే నెలలో దానికి నాయకుడుగా లెఫ్టినెంట్ కర్నల్ జేమ్స్ ఇన్నిస్ వచ్చాడు. విందులో అధికారులు సైన్యపు మిత్రుల పేరిట, అంటే ప్రభుత్వంతో తగవు పడినవారి పేరిట, మధుపాత్రలు ఎత్తబోతే ఆయన అడ్డు చెప్పి మద్రాసుకు ఫిర్యాదు వ్రాశాడు. శిక్షలు వచ్చినవి. ఆపైన రెజిమెంటులో కొంతమందిని నౌకల మీద పనికి పంపవలసినదిగా ఆజ్ఞ వచ్చినది. మమ్మల్ని చీల్చి చెల్లాచెదరు చేయడానికే ఈ పన్నాగం అని అధికారులు నమ్మారు. 1809 జూన్ 25న ఇన్నిస్‌ను ఆయన అధికారులే బందీ చేశారు. కోట వారి చేతిలోకి పోయినది. వారిని సముదాయించడానికి జాన్ మాల్కం, తరువాతి కాలంలో బొంబాయి గవర్నరు అయిన ఆయనే, జూలైలో బందరుకు వచ్చాడు. హైదరాబాదు సహాయక సైన్యపు అధికారులతో, జాల్నా, శ్రీరంగపట్టణం అధికారులతో ఉత్తరాలు నడుస్తున్నవి. అందరూ కలిసి మద్రాసు మీదికి నడవాలన్న మాట కూడ పుట్టినది.

అప్పుడు బార్లో ఒక పరీక్ష పెట్టాడు. జూలై 26న ఒక ప్రమాణపత్రం ప్రతి కంటోన్మెంటుకూ వెళ్ళినది. ప్రభుత్వ ఆజ్ఞలకు కట్టుబడి ఉంటానని సంతకం చేసినవాడు కొలువులో ఉండవచ్చును, చేయనివాడు పటాలాన్ని విడిచి తీరప్రాంతానికి పోవలసినదే. సంతకం చేసినవారు కొద్దిమందే. అదే సమయంలో ప్రభుత్వం దేశీయ అధికారులకు, సిపాయిలకు నేరుగా కబురు పంపినది: మీ దొరల తగవు వేరు, మీరు తిన్నది కుంఫిణీ ఉప్పు. ఆ మాట పనిచేసినది. తాము నడిపించగలమనుకున్న సిపాయిలు తమ వెంట రారేమోనన్న అనుమానం అధికారులను నీరుగార్చినది. ఆగస్టులో సికింద్రాబాదువారు లొంగి సంతకాలు చేశారు, ఇతరులనూ చేయమని వ్రాశారు. బందరూ లొంగినది.

కాని శ్రీరంగపట్టణం దగ్గర అప్పటికే నెత్తురు చిందినది. చిత్రదుర్గం నుండి తమ దొరల వెంట అక్కడికి నడిచి వస్తున్న రెండు సిపాయి పటాలాలను ఆగస్టు 11న ప్రభుత్వ పక్షపు గుర్రపుదళాలు చెదరగొట్టినవి. ఆ సిపాయిలకు గుడారాల గుత్తలో కానీ భాగం లేదు. ఎవరి మానం కోసం ఎవరు నడుస్తున్నారో కూడ తెలియకుండా పోయినవారు వారు. పోయినవారి పేర్లు మనకు తెలియవు. ఉత్తరాదిని సిపాయిని తిలంగా అని పిలిచిన కాలమది. ఆ మాట మన తెలుగునేల నుండి పోయినదే.

సెప్టెంబరులో గవర్నరు జనరల్ లార్డ్ మింటో స్వయంగా మద్రాసుకు వచ్చి 21 మందిని మినహాయించి తక్కినవారికి క్షమాభిక్ష ప్రకటించాడు. ఉద్యోగాలు పోయినవారిలో పెక్కుమంది కాలక్రమాన తిరిగి కొలువులో చేరారు. బార్లోను 1812లో లండను పెద్దలు వెనుకకు పిలిపించారు. జాన్ మన్రో తిరువాన్కూరు రెసిడెంటు అయ్యాడు, అక్కడ దివానుగా కూడ పనిచేశాడు. గుత్త మాత్రం మళ్ళీ రాలేదు.

ఇది జరిగిన సరిగ్గా నూరేళ్ళకు, 1909లో, శ్రీరంగపట్టణానికి కూతవేటు దూరంలోని మైసూరులో ఆర్. శామశాస్త్రిగారు కౌటిలీయ అర్థశాస్త్రాన్ని అచ్చు వేయించారు. బార్లోకూ మన్రోకూ అటువంటి గ్రంథం ఒకటి ఉన్నదని తెలిసే అవకాశం లేదు. కాని వారు పడిన చిక్కుముడులన్నీ అందులో ఉన్నవి. ఉద్యోగులను చేపలతో పోల్చిన మాట అందరికీ తెలిసినదే కనుక దానిని వదిలి, అంతగా ప్రచారంలో లేనివి నాలుగు చెబుతాను.

మొదటిది జీతం. సేనాపతికి కౌటిల్యుడు నిర్ణయించినది 48,000 పణాలు. మంత్రికి, పురోహితునికి, యువరాజుకు ఇచ్చినంత. అంత ఇస్తే ప్రలోభానికి లొంగరు, తిరగబడరు అని కారణం కూడ చెప్పాడు. శిక్షణ పొందిన కాలిబంటుకు 500. గుత్త తీసివేసి జీతం పెంచని బార్లోకు ఈ లెక్క పనికివచ్చేది.

రెండవది పదవి. ఏ శాఖకైనా ఒక్కరే పెద్ద ఉండకూడదు, ఉన్నవారు శాశ్వతంగా ఉండకూడదు అంటాడు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం విషయంలో మరీ నొక్కి చెబుతాడు. పెద్దలు పలువురైతే ఒకరికొకరు జడిసి శత్రువు ప్రలోభానికి లొంగరట. ఒక్క సంతకంతో సరిపోయే చోట రెండు సంతకాలు పెట్టించే మన కార్యాలయ పద్ధతికి వేరు అక్కడ ఉన్నది. అయితే అదే అధ్యాయంలో, సొమ్ము తినకుండా న్యాయంగా పెంచేవారిని స్థిరంగా ఉంచమని కూడ అన్నాడు. అందరినీ ఒకే కర్రతో తోలలేదు.

మూడవది పరీక్ష. మా వ్యాకరణం చదువుకున్నవారికి ఉపధ అంటే పదంలో చివరి అక్షరానికి ముందున్న వర్ణం. అర్థశాస్త్రంలో ఉపధ అంటే మంత్రుల శుద్ధిని గుట్టుగా తెలుసుకునే పరీక్ష. ధర్మం, అర్థం, కామం, భయం అని నాలుగు. ఒక్కొక్క పరీక్షలో నెగ్గినవానికి దానికి తగిన పదవి. ధనపరీక్షలో నెగ్గినవానికే ఖజానా, పన్నులు. అన్నిటిలో నెగ్గినవాడే మంత్రి. కాని అక్కడే ఒక హెచ్చరిక ఉన్నది: మంచినీటిలో విషం కలిపినట్లు, చెడనివానిని పరీక్ష పేరుతో చెడగొట్టకూడదు. బార్లో ప్రమాణపత్రాన్ని ఈ వెలుగులో చూడండి. అది పరీక్షించినది భయాన్ని మాత్రమే. సంతకం చేసినవాడు నిజాయితీపరుడనీ, చేయనివాడు కాడనీ దానివల్ల తేలలేదు.

నాలుగవది చెప్పేవాని రక్షణ. తిన్న సొమ్మును బయటపెట్టి నిరూపించినవానికి దానిలో ఆరవవంతు, అతడు సేవకుడైతే పన్నెండవవంతు ఇమ్మన్నాడు. నిరూపించలేనివానికి శిక్ష. జాన్ మన్రోకు ఆరవవంతు అక్కరలేదు. నిర్బంధం తప్పితే చాలునని ఉండి ఉంటుంది.

స్వతంత్ర భారతంలో సంతానం కమిటీ సిఫారసుపై 1964లో కేంద్ర నిఘా సంఘం ఏర్పడినది. రక్షణ కొనుగోళ్ళలో అమ్మేవారూ కొనేవారూ ముందుగానే సంతకం చేసే నిజాయితీ ఒప్పందం ఈ శతాబ్దంలో వచ్చినది. లంచం ఇవ్వను, దళారిని పెట్టను అని కంపెనీ, పుచ్చుకోను అని ప్రభుత్వం వ్రాసి ఇవ్వాలి. 2010లో కుదిరిన 12 హెలికాప్టర్ల ఒప్పందాన్ని 2014 జనవరి 1న రద్దు చేసినది ఆ నిజాయితీ ఒప్పందం ఉల్లంఘన కారణంగానే. ఇటలీలో ఆ కంపెనీ పెద్దలు పై న్యాయస్థానాలలో నిర్దోషులుగా తేలారు. అయినా ఒప్పందం రద్దు ఆ తీర్పుల కోసం ఆగలేదు. ఫలానావాడు దొంగ అని తేల్చేవరకు చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేని రక్షణ అది. జాన్ మన్రో నివేదికకు అది దూరపు చుట్టం.

రెండవవైపు కూడ చూడాలి. 1986లో 410 బోఫోర్సు ఫిరంగులకు ఒప్పందం కుదిరినది, 1987 ఏప్రిల్‌లో స్వీడను రేడియో ముడుపుల సంగతి బయటపెట్టినది. ఆ తరువాత మన సైన్యంలోకి చెప్పుకోదగిన కొత్త భారీ ఫిరంగి రావడానికి 2018 వరకు, అంటే మూడు దశాబ్దాలు, పట్టినది. 1999లో కార్గిల్ కొండల మీద మనవారిని ఆదుకున్నది ఆ అపఖ్యాతి పొందిన ఫిరంగులే. దొంగ అన్న పేరు వస్తుందన్న భయంతో దస్త్రం మీద సంతకం చేయని అధికారి పైసా తినలేదు, నిజమే. కాని అతని చేతిలో దస్త్రం క్షేమంగా ఉన్నది, సరిహద్దులోని జవాను కాదు. ఎద్దులు కొనని పటాలపు నాయకుడికీ, ఫిరంగి కొనని అధికారికీ ఉద్దేశంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్నది. ఫలితం మాత్రం క్రింద ఉన్నవానికి ఒక్కటే.

అందువల్ల నాకు తోచినది ఇది. కావలి నియమం పెట్టేటప్పుడు ఎవరు దొంగ అన్న ప్రశ్నతో మొదలుపెడితే మంచివాడు అవమానపడతాడు, దొంగ జాగ్రత్తపడతాడు, పిరికివాడు కలం క్రింద పెడతాడు. ఈ ఏర్పాటులో మంచివాడు మంచిగా ఉండాలంటే ఎంత నష్టపోవాలి అని అడిగితే మేలు. ఆ నష్టాన్ని తీసివేయడం పాలకుని పని. తీసివేసినప్పుడు మా మానం పోయిందని అలగకపోవడం ఉద్యోగి పని. లెక్క చూసి ఉన్నమాట వ్రాసినవానిని కాపాడడం ఇద్దరి పని. 1809లో ఈ మూడింటిలో మొదటిది సగమే జరిగినది, రెండవది జరగలేదు, మూడవది ఆలస్యంగా జరిగినది. ఆ మధ్యలో శ్రీరంగపట్టణం బయట సిపాయిలు పడిపోయారు.

బందరు ప్రాంతపు మిత్రులెవరైనా ఆ కోట శిథిలాల వైపు వెళ్ళినప్పుడు, డచ్చివారి సమాధులతోబాటు ఈ కథను కూడ ఒకసారి తలచుకోండి. అక్కడి పెద్దల నోట ఈ తిరుగుబాటు గురించి ఏమైనా విని ఉంటే తప్పక వ్రాయండి, చదివి సంతోషిస్తాను.

సెలవు.